ఇంటిదారి పని

ఆషాఢం, సోమవారం

ఇవాళ కూడా పని లేదట.

టీ నీళ్లు పొయ్యి మీద పెట్టి గ్యాంగు గుడిసె గోడకున్న పలకకేసి చూశాను. నేను పళ్లు తోముకుని వచ్చేలోపు నీడలైను రోజూ ముప్పై ఏళ్లు బతికేస్తుంది. ఆఫీసు కంప్యూటరు అది, మా పట్టాలకు అచ్చమైన నకలు దాని కడుపులో ఉంది. ఆ నకలు మీద ముప్పై ఏళ్ల వానలు కురిపించి, ముప్పై ఏళ్ల బండ్లు నడిపించి, ఎక్కడ ఏది అరుగుతుందో, దేన్ని ఎప్పుడు బాగుచేస్తే ఖర్చు కలిసొస్తుందో చూసుకుని, ఏ గ్యాంగు ఎక్కడ చెయ్యి పెట్టాలో పొద్దున్నే సెలవిస్తుంది. అది చెప్పని చోట చెయ్యి పెట్టకూడదు. పెడితే దండగ ఖర్చు కింద లెక్క.

మా పలక మీద ఒకటే మాట: "బొర్రమెట్ట సెక్షను, ఏమీ అక్కర్లేదు." నెల పైగా అదే పాట.

"నీడమ్మ మళ్లీ సెలవిచ్చీసింది అప్పా," అన్నాడు నన్ను అక్క వరసతో పిలిచే సింహాచలం, గొడుగు దులుపుతూ. "ఇయ్యాల ఏ పేరంటానికెల్దాం?"

"నీ తద్దినానికెళ్దాం. బూట్లు తొడుక్కో."

పని లేకపోయినా నడక తప్పదు. పైనున్న బొర్రమెట్ట నుంచి కింది వంతెన దాకా రోజుకోసారి పట్టాల వెంట నడిచి, చూసుకుని, తిరిగి రావాలి. ముందు నేను, నూకరత్నం, ఈ గ్యాంగుకి మేస్త్రిని. నా వెనక సింహాచలం. వాడి వెనక దాలినాయుడు మావ, మాలో పెద్దవాడు. ఒకప్పుడు ఎనిమిది మందిమి. ఇప్పుడు గ్యాంగంటే ఈ ముగ్గురమే. ఘాట్ రోడ్డు చరియలతో పాటు లోయలోకి జారిపోయాక బొర్రమెట్టకి ఈ పట్టాలు తప్ప దిక్కు లేదు.

తిరుగు నడకలో మాకో పద్ధతుంది. ఎవరూ చెప్పని పని తలా ఒకటి చేసుకుంటూ ఇంటికి రావాలి. ఒకరు వదులైన బోల్టు బిగిస్తారు. ఒకరు కాలువలో పడ్డ మట్టి ఎత్తిపోస్తారు. ఒకరు కిందికి దిగిన స్లీపరు కింద కంకర కూరుతారు. దీన్ని ఇంటిదారి పని అంటాం. ఎవరు మొదలుపెట్టారో తెలీదు గానీ మావ వాళ్ల నాన్న రోజుల్లోనే ఉందట. కట్టుబాటు ఒకటే. చేసింది చెప్పుకోకూడదు. ఆఫీసుకీ చెప్పకూడదు, ఒకరికొకరం కూడా చెప్పుకోకూడదు. చెబితే పట్టాలకి దిష్టి తగులుతుందని మావ నమ్మకం. నేను దిష్టీ గిష్టీ నమ్మను. అయినా ఇవాళ తిరుగు దారిలో నేనేం చేశానో ఇక్కడ రాయను.

ఆ మాటకొస్తే ఈ రోజువారీ రాత కూడా ఎవరూ అడగడం లేదు. మేస్త్రీలు రాయడం ఆఫీసు మాన్పించి చాలా కాలమైంది. అలవాటు చావక రాస్తున్నాను.

ఆషాఢం, శుక్రవారం

బండి రోజు. మంగళవారం, శుక్రవారం బండి పైకొచ్చి మనుషుల్ని ఎక్కించుకుని టౌనుకి దిగుతుంది. డ్రైవరుండడు. దానంతట అదే వస్తుంది, తలుపులు తెరుస్తుంది, మనకోసం ఆగదు.

మావ భార్య సూరమ్మత్త అందరికంటే ముందొచ్చి కూర్చుంది. ఆవిడ కిడ్నీలు రెండూ పాడయ్యాయి. వారానికి రెండుసార్లు టౌను ఆస్పత్రిలో రక్తం శుద్ధి చేయించుకుంటేనే ప్రాణం నిలుస్తుంది. ఒక్క బండి తప్పితే ఒళ్లు నీరుపడుతుంది. రెండు తప్పితే అంతే సంగతులు. ఆవిడ మాత్రం ఏదో తిరనాళ్లకి వెళ్తున్నట్టు తలలో పువ్వు పెట్టుకుని మరీ వస్తుంది.

"ఏటే రత్నం," అంది కిటికీలోంచి. "ఆ లాడం మలుపుకాడ మీ మావ దినామూ ఒంగుని ఏటెతుకుతాడే? సిన్నప్పుడు పారీసుకున్న గోలీలేటి?"

"నన్నడుగుతావేం అత్తా, ఇంటికెళ్లి ఆయన్నడుగు."

"అడిగితే నోరిప్పుతాడేటి? ముప్పయ్యేళ్లయినాది, మూగోడితో కాపరం."

మావ వినబడనట్టు కొండకేసి చూస్తున్నాడు. లాడం మలుపులో కొండ నుంచి ఊట ఎప్పుడూ ఆగదు. మట్టి మెత్తబడి, కంకర దిగిపోయి, బయటి పట్టా లోయవైపు వాలుతుంటుంది. ఆయన ఇంటిదారి పని ఏళ్లుగా అక్కడే. చెప్పుకోం గానీ కళ్లు మూసుకోలేం కదా.

శ్రావణం, బుధవారం

పలక మీద కొత్త మాట వచ్చింది. చదివి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాను.

బొర్రమెట్ట సెక్షను ఎంతో నిలకడగా ఉందట. దీనికి విడిగా గ్యాంగు అక్కర్లేదట. కార్తీకం ఆఖరుకి ముగ్గురినీ తీసేస్తారట. అవసరమని నీడలైను చెప్పినప్పుడు కింది గ్యాంగు పైకొచ్చి చేసి వెళ్తుందట. చివర్లో మాకు అభినందనలు కూడా పెట్టారు.

"మనల్ని పొగిడీసి మెడట్టుకు గెంటీసారు," అన్నాడు సింహాచలం. తర్వాత నవ్వలేదు.

మావ ఒక్కటే అడిగాడు. "కింది గేంగు నెలకోపాలి వచ్చినా, ఆ లాడం మలుపు ఆగుతాదేటమ్మీ?"

ఆగదు. ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఒక్క నెల వదిలేస్తే ఆ మలుపులో బండి పక్కకి ఒరుగుతుంది. ఒరిగితే పట్టుకోవడానికి కింద లోయ తప్ప ఏమీ లేదు. నాకు కోపమొచ్చి టీ గిన్నె మాడ్చేశాను.

శ్రావణం, శనివారం

కొలత ట్రాలీతో పాటు ప్లానింగు ఆఫీసు నుంచి ఇంజనీరు వచ్చింది. పేరు కౌముది. నీడలైనులో మా సెక్షను చూసేది ఆవిడే. వస్తే గట్టిగా నాలుగు దులపాలని రెండు రోజులుగా మాటలు కూడగట్టుకున్నాను. తీరా చూస్తే మనిషి మంచిది. సింహాచలం ఇచ్చిన ఆ మాడు గిన్నె టీని మారుమాట లేకుండా తాగింది. అలాంటి మనిషిని ఏమని తిడతాం?

"మీ కొండ నాకు అంతుపట్టడం లేదు రత్నంగారూ," అంది. "ఈ మట్టికీ ఈ వానకీ పట్టాలు ఈపాటికి వంకరపోవాలి. మొదట్లో నీడలైను కూడా అలాగే లెక్కవేసేది. రెండు నెలలకోసారి ట్రాలీ తెచ్చే కొలతలు ప్రతిసారీ బాగుండేసరికి దాని లెక్కే తప్పనుకుంది. ఈ కొండ గట్టిదని నేర్చుకుంది."

"కొండ గట్టిది కాదమ్మా. గ్యాంగుంది కాబట్టి నిలబడింది."

"మీ గ్యాంగు చేసిన పనంతా నా దగ్గరుందండీ. ఏడాది మొత్తం మీద రెండే చోట్ల. అదీ నీడలైను చెప్పినవే. నేనేమీ దాచడం లేదు, కావాలంటే మీరే చూడండి."

చెప్పేద్దామని నోరు తెరిచాను. మావ నా వైపు చూశాడు. ఆ చూపులో బెదిరింపేం లేదు, చెయ్యెత్తి దండం పెట్టినట్టుంది. బండి ఎక్కేది ఆయన భార్య. దిష్టి తగిలితే తగిలేది ఆ బండికే. నోరు మూసుకున్నాను.

ఆవిడ వెళ్లేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది. "ఏదైనా కారణముంటే చెప్పండి రత్నంగారూ. కారణం లేకుండా నేను దాంతో వాదించలేను," అంది. మరీ దెబ్బ కొట్టే మాట అది.

భాద్రపదం, సోమవారం

ఉపాయం సింహాచలానిది.

"సెప్పకూడదు, అంతే గదా అప్పా? సెయ్యడం మానీడానికి అడ్డేటున్నాది? ట్రాలీ మళ్లీ వొచ్చీదాకా ఇంటిదారి పని ఒగ్గీద్దాం. పట్టాలు అవే సెప్పీసుకుంతాయి. కొండ ఎంత గట్టిదో నీడమ్మే సూసుకుంతాది."

నాకు వెంటనే నచ్చింది. ఆ తర్వాత మావ మొహం చూసి నచ్చలేదు. ట్రాలీ వచ్చేదాకా వారానికి రెండుసార్లు సూరమ్మత్త ఆ పట్టాల మీదే వెళ్లాలి, రావాలి.

"మరీ పాడైతే పని మళ్లీ మొదలెడదాం మావా," అన్నాను. "ట్రాలీకి తెలిసేంత దిగితే చాలు. గ్యాంగు పోతే అత్తకి ఈ ఏడాదే కాదు, ఏ ఏడాదీ భరోసా ఉండదు."

ఆయన చాలాసేపు గునపం మొనకేసి చూశాడు. "సరే అమ్మీ. నువ్వు మేస్త్రివి," అన్నాడు.

మేస్త్రినని ఇన్నేళ్లలో ఆయన నాకు గుర్తుచేయడం ఇదే మొదలు. ముగ్గురం ఒట్టేసుకున్నాం. తిరుగు నడకలో చేతులు జేబుల్లో పెట్టుకుని వచ్చాం. దొంగల్లా అనిపించింది.

భాద్రపదం, శుక్రవారం

మూడు వారాలుగా పట్టాలకి చెయ్యి తగిలించలేదు. కాలువలు పూడిపోయి నీళ్లు పట్టాల మధ్యకి వచ్చాయి. పలక మాత్రం "ఏమీ అక్కర్లేదు" అంటూనే ఉంది. దాని కడుపులోని కొండ గట్టిది కదా.

సాయంత్రం బండి పైకొచ్చాక సూరమ్మత్త నడుం పట్టుకుని దిగింది.

"ఏటోనే, ఇయ్యాల బండి ఉయ్యేలూపినట్టు ఊపీసింది. క్యారేజీ దొర్లిపోయి పులుసంతా పక్కావిడి సీర మీద పోసీసింది." ఇంకా నవ్వుతూనే ఉంది. "పండక్కి కొత్త సీర కొనమంటాది సూడు."

మావ ఖాళీ క్యారేజీ అందుకున్నాడు. మూత తీసి లోపలికి చూశాడు. నేను చూడనట్టు తల తిప్పుకున్నాను. 

ఆశ్వయుజం, గురువారం

కొలత ట్రాలీ వచ్చి వెళ్లింది. మధ్యాహ్నానికి కౌముది ఫోను చేసింది.

"అక్కడక్కడ కొద్దిగా దిగింది రత్నంగారూ. ఈసారి వాన ఎక్కువ కదా, ఆ మాత్రం ఉంటుందని నీడలైను సర్దుకుంది. కానీ అన్నిటికంటే కష్టమైన చోటు లాడం మలుపు. అదెలా ఉందో తెలుసా? ఇన్నేళ్ల కొలతల్లో ఎప్పుడూ లేనంత బాగుంది. అది చూశాక కొండ గట్టిదన్న దాని నమ్మకం ఇంకా పెరిగింది."

ఫోను పెట్టేసి మావ వైపు తిరిగాను. నేను అడక్కముందే ఆయన తల దించుకున్నాడు.

"ఒగ్గీలేకపోనానమ్మీ. ఆ పులుసు ఒలికిన కాణ్ణుంచి పొద్దుటే లెగిసెల్లి కంకర కూరీసి వొత్తన్నాను. నా ఆడది కూకున్న బండి అది. నానేటి సెయ్యను?"

సింహాచలం ముక్కాలిపీట మీద కూలబడ్డాడు. "ఓరి మావో," అన్నాడు. "నాను మద్దేన్నం ఎల్లి ఊట కాలవ తవ్వీసి వొత్తన్నాను గదా."

ఇద్దరూ నన్ను చూశారు. నేనూ ఆ మర్నాటి నుంచి రోజూ సాయంత్రం పుల్లలేరుకొస్తానని చెప్పి వెళ్లి అదే మలుపులో బోల్టులు బిగించి వస్తున్నాను. ఈ పుస్తకంలో ఆ మాట రాయలేదు. రాయకూడదు కనుక అనుకున్నాను గానీ, నిజానికి సిగ్గేసి రాయలేదు.

ముగ్గురు మేధావులం ఎవరికి వాళ్లం ఒట్టు తప్పి, ఒకే మలుపుని ముచ్చటగా ముస్తాబు చేశాం. ముందు నవ్వొచ్చింది. సింహాచలం కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. తర్వాత ఎవరం ఎవరినీ చూసుకోలేకపోయాం. మళ్లీ ఒట్టు వేసుకుందామని ఎవరూ అనలేదు. వేసుకున్నా ఇంతే.

ఆశ్వయుజం, మంగళవారం

బండిలో టౌనుకి దిగాను. పక్కన సూరమ్మత్త. లాడం మలుపు వచ్చినప్పుడు ఆవిడ కబుర్లాపలేదు, నేను ఊపిరాపాను.

వెళ్లే ముందు మావని అడిగాను, చెప్పేస్తానని. "సెప్పీ," అన్నాడు. "దిట్టి తగిలితే నాకు తగల్నీ."

కౌముదికి అంతా చెప్పాను. ఎవరు ఏ చోట ఏ పని చేస్తారో, ఎన్నేళ్లుగానో, ఎందుకు చెప్పుకోమో. మానేద్దామనుకుని మానలేకపోయిన సంగతి కూడా చెప్పాను. మధ్యలో ఆవిడ రాయడం ఆపేసి కిటికీలోంచి బయటికి చూసింది.

"అదా కారణం," అంది మెల్లగా. "కొండ కాదు. మీరు."

"మేమే అమ్మా. ఇప్పుడైనా వాదించడానికి కారణం దొరికిందా?"

"దొరికింది రత్నంగారూ. ఒక్క ముక్క వదలకుండా ఎక్కిస్తాను. ఇది తెలిశాక మిమ్మల్ని ఎవరూ కదపలేరు."

ఆవిడ నిజంగా సంతోషపడింది. నాకూ గుండె తేలికైంది. టౌనులో మిఠాయి పొట్లం కొని తిరుగు బండిలో అత్తకి పెట్టాను. ఆస్పత్రివాళ్లు తినొద్దన్నారని చెబుతూనే సగం తినేసింది.

కార్తీకం, సోమవారం

పొద్దున పలక చూశాను. అర్థం కాలేదు. పదినిమిషాలకి కౌముదే ఫోను చేసింది. 

"మీరు చెప్పినవన్నీ ఎక్కించానండీ. నీడలైను ఒప్పుకుంది. కొండ గట్టిది కాదని దిద్దుకుంది. ఇంటిదారి పని వల్లే లైను నిలబడిందని తేల్చింది."

"మరి ఇంకేం అమ్మా?"

"ఆ పని సాగినంతకాలం ముప్పై ఏళ్లయినా లైనుకి ఢోకా లేదంటోంది. ఆ పనికి ఖర్చు సున్నా. మీ జీతాలు పడేది నీడలైను చెప్పిన పనికి. అది ఏడాదికి రెండే చోట్ల. కాబట్టి గ్యాంగుని తీసేసి, ఇంటిదారి పని అలాగే ఉంచుకోమంది. ఈ విభాగం మొత్తంలో ఇంత చవక లైను లేదట."

"ఆ పనికి మీరు కూలి వేయలేకపోయారా అమ్మా?"

"వేశాను. తీసుకోలేదు. కూలి పడాలంటే ఆ పని చేయమని ఎవరో చెప్పి ఉండాలి. చెప్పాల్సింది నీడలైను. అడక్కుండానే జరిగిపోతున్న పనిని అది మళ్లీ ఎందుకు చేయమంటుంది?"

"గ్యాంగే లేకపోతే ఎవరు చేస్తారు?"

"మీరే. ఇన్నేళ్లూ జీతం లేకుండా చేసినవాళ్లు ఇకముందూ చేస్తారని."

"చేయం అని చెప్పండి. మానేస్తారని రాయండి."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు.

"ఒకసారి మానేద్దామనుకుని కూడా మానలేకపోయారని నేనే రాశాను కదండీ. మీరు చెప్పింది ఒక్క ముక్క వదలకుండా రాశాను. మీరు మానరని దానికి ఇప్పుడు బాగా తెలుసు." ఆవిడ ఏడుస్తోంది. "పైవాళ్ల కాళ్లా వేళ్లా పడ్డాను. నీడలైను చెప్పిందాంట్లో తప్పేముందో చూపించమన్నారు. నేను చూపించలేకపోయాను."

ఆవిణ్ని ఓదార్చి ఫోను పెట్టేశాను. నన్ను ఓదార్చడానికి ఎవరూ లేరు. మావకీ సింహాచలానికీ చెప్పాను. మావ విన్నాడు. "దిట్టే," అన్నాడు. ఈసారి నేను కాదనలేదు.

కార్తీకం, శుక్రవారం

సామానంతా అప్పజెప్పమన్నారు. గునపాలు, సుత్తులు, రెంచీలు, బూట్లు, గొడుగులు, గోడకున్న పలక. అన్నీ బండిలోకి ఎక్కించాం. మా చేతులతో మేమే ఎక్కించాం, కూలి లేకుండా. సింహాచలం ఆ ముక్క పైకే అన్నాడు గానీ ఎవరికీ నవ్వు రాలేదు.

టౌనులో గది చూసుకుని అత్తని అక్కడే ఉంచమని మావతో అన్నాను. "జీతముంటే ఆ మాట అనుకుందుం," అన్నాడు. సింహాచలానికి కింద బజార్లో మూటలు మోసే పని దొరుకుతుందట. వెళ్తావా అని అడిగాను. మలుపుకేసి చూసి, "సూద్దాం అప్పా," అన్నాడు.

నేనెక్కడికి పోవాలో నాకు తెలియడం లేదు. నాకు వచ్చింది ఈ పని ఒక్కటే.

మార్గశిరం, మంగళవారం

ఉద్యోగం పోయాక మొదటి బండి రోజు. చీకట్లోనే మెలకువ వచ్చేసింది. టీ పెట్టి అలవాటుగా గోడకేసి చూశాను. పలక ఉన్న చోట తెల్లటి మచ్చ ఉంది.

రాత్రంతా ఆగని వాన. తలుపు తీస్తే వసారాలో దాలినాయుడు మావ, భుజం మీద వాళ్ల నాన్న నాటి పాత గునపం. ఆఫీసు లెక్కలో లేనిది కనుక మిగిలింది. వెనకాల సింహాచలం, ఇంట్లో బొగ్గులు తీసే పార పట్టుకుని, కాళ్లకి చెప్పులతో.

"నువ్వు బజారుకి వెళ్లలేదేం?" అన్నాను కసిరినట్టు.

"బండెల్లిపోయాక ఎల్తాను."

నాకు అరవాలనిపించింది. ఎక్కడో ఆఫీసులో ఆ నీడలైను ఈపాటికి ముప్పై ఏళ్లు బతికేసి, ప్రతి ఏడూ ఇదే పొద్దున, ఇదే వసారాలో మమ్మల్ని ముగ్గురినీ చూసుకుని ఉంటుంది. ఒక్క రోజైనా దాని లెక్క తప్పని నిరూపించాలని ఉంది. ఇంట్లో కూర్చుంటే చాలు. తలుపేసుకుంటే చాలు. తలుపు మీద చెయ్యి వేశాను కూడా.

పై స్టేషను వైపు నుంచి సూరమ్మత్త గొంతు వినిపించింది. తొందరగా రమ్మని ఎవరినో పిలుస్తోంది. బండి వచ్చే వేళవుతోంది.

చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని బయటికి వచ్చి లాడం మలుపు వైపు నడిచాను. పనికి వెళ్లకుండానే ముగ్గురం ఇంటిదారి పట్టాం.